లేత గులాబీ దగ్గర ఆగాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. నాలుగూ ఆమ్లాలు, క్షారాల గురించే. మొదటిది ఒక విద్యార్థిని రాసింది. అది చదువుతుంటే పర్లాకిమిడిలో నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన ల్యాబు, గోడవారగా వరసగా నిలబెట్టిన బ్యూరెట్ స్టాండ్లు కళ్ళ ముందుకొచ్చాయి. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాను. మిగతావారు ఏమీ అనుకోవద్దు. ల్యాబు చూడనివారికి ముందే రెండు మాటలు. పిపెట్ అనే గాజు గొట్టంతో ఆమ్లాన్ని కొలిచి ఫ్లాస్కులో పోసి, గీతలున్న బ్యూరెట్ గొట్టం నుంచి క్షారాన్ని బొట్టు బొట్టుగా వదులుతూ, ఫినాఫ్తలీన్ లాంటి సూచిక రంగు మారగానే ఆపి ఎంత పట్టిందో చూడటమే టైట్రేషన్. ద్రావణం ఆమ్లమో క్షారమో చెప్పే అంకె పీహెచ్: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కాశీనగర్. పదో తరగతి వరకు పాతపట్నంలో మా అమ్మమ్మగారింట్లో ఉండి తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు ఒడిశాలోనే ప్లస్ టూ సైన్స్, అంతా ఇంగ్లీషు. ఆక్సాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ గాఢత కనుక్కునే ప్రాక్టికల్‌లో నాకు మొదటిసారి 9.8, తర్వాత 10.3, ఆ తర్వాత 10.6 మి.లీ. వచ్చాయి. బ్యూరెట్, పిపెట్ వాటిలో పోసే ద్రావణంతోనే కడగమన్నారు కదా అని రెండోసారి నుంచి ఫ్లాస్కును కూడా ఆమ్లంతోనే కడిగాను. అయినా రీడింగులు కలవలేదు. మా పక్క అమ్మాయి ఒక్కసారి చేసి మిగతా రెండూ ఊహించి రాసేసింది, దానికి మార్కులు పడ్డాయి. ఇంకో అనుమానం. ఆమ్లం, క్షారం సరిగ్గా కలిస్తే తటస్థం, అంటే పీహెచ్ 7 అని చదువుకున్నాను. ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు మారేది 8 దాటాక. మరి మేము ప్రతిసారీ దాటిపోతున్నట్టే కదా? వచ్చే నెలలో పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

జవాబు: నీ రీడింగులు తప్పు కాదమ్మా. నువ్వు ఏం చేశావో అవి అదే చెప్పాయి. మొదటిసారి ఫ్లాస్కు మామూలు నీళ్ళతో కడిగావు, 9.8 వచ్చింది. రెండోసారి ఆమ్లంతో కడిగావు. ఎంత వంచినా గాజు గోడకు, అడుక్కు కొంత అంటుకునే ఉంటుంది. అది అర మి.లీ. అనుకో. దాని మీద పిపెట్‌తో పది మి.లీ. పోశావు. నీ నోటుబుక్కులో పది, ఫ్లాస్కులో పదిన్నర. ఆ అర మి.లీ. ఆమ్లానికి కూడా క్షారం పెట్టాలి కాబట్టి బ్యూరెట్ 10.3 చూపించింది. మూడోసారి ఇంకాస్త ఎక్కువ మిగిలి ఉంటుంది, 10.6 అయింది. మూడింట్లో నమ్మదగ్గది మొదటిదే.

ఇదే తప్పు నేనూ చేశాను. బరంపురంలో నా డిగ్రీ ప్రాక్టికల్ పరీక్ష. పని శుభ్రంగా ఉండాలన్న పట్టుదల కొద్దీ ఫ్లాస్కును మూడుసార్లు ఆమ్లంతో కడిగాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా పక్కన నిలబడి అంతా చూశారు. ఏమీ అనలేదు. నేను రీడింగు రాసుకున్నాక ఒడియాలో ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఫ్లాస్కులో ఎంత ఆమ్లం ఉంది?" పది మి.లీ. సార్ అన్నాను. "కడిగినప్పుడు అంటుకున్నది ఎవరు కొలిచారు?" అన్నారు. ఇంకేమీ మాట్లాడకుండా పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళయినా ఫ్లాస్కు చేతిలోకి తీసుకుంటే ఆ ప్రశ్న వినిపిస్తుంది.

కారణం ఒక్కసారి మనసుకు పడితే ఇక మర్చిపోవు. బ్యూరెట్‌లో, పిపెట్‌లో నీటి తడి ఉంటే లోపల పోసిన ద్రావణం పలచబడుతుంది. మనం కొలిచే మి.లీ.లో ఉండాల్సినంత సరుకు ఉండదు. అందుకే వాటిని వాటి ద్రావణంతోనే కడగాలి. ఫ్లాస్కు సంగతి వేరు. అక్కడికి ఆమ్లం కొలతై వచ్చేసింది. గ్లాసులో రెండు చెంచాల పంచదార వేశాక నీళ్ళు అర గ్లాసు పోసినా, నిండుగా పోసినా పంచదార రెండు చెంచాలే. ఫ్లాస్కులో నీళ్ళుంటే నష్టం లేదు, ఆమ్లం తడి ఉంటేనే నష్టం. గోడ మీద చిందిన బొట్లను మధ్యలో డిస్టిల్డ్ వాటర్‌తో కిందికి కడిగేయమని చెప్పేది కూడా ఆ ధైర్యంతోనే.

ఇప్పుడు నీ రెండో అనుమానం. నీ వయసులో ఇది పట్టుకున్నందుకు సంతోషం. తికమక నీ బుర్రలో లేదు, మన మాటలో ఉంది. తెలుగు పుస్తకంలో తటస్థీకరణం అన్నాం. తటస్థం అనగానే అటూ ఇటూ కాకుండా నడి మధ్యన, అంటే 7 దగ్గర నిలబడటం అనిపిస్తుంది. ఒడియా మీడియం పిల్లలు ఇదే చర్యను ప్రశమనం అంటారు. ప్రశమనం అంటే చల్లార్చడం, శాంతింపజేయడం. ఆమ్లం ఎంత ఉందో అంతా తీరిపోవడం. టైట్రేషన్‌కు నాకు ఈ మాటే సరిగ్గా అతుకుతుందనిపిస్తుంది. గిడుగు రామమూర్తిగారు పంతులుగా పనిచేసిన ఊళ్ళో ఉండి పక్క భాష మాటను మెచ్చుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. పిల్లలకు అర్థమయ్యే మాటే మంచి మాట అన్నది ఆయన పోరాటమే కదా.

నీ ప్రయోగాన్నే లెక్క వేద్దాం. ఆక్సాలిక్ ఆమ్లం గాఢత 0.05 మోలార్, అంటే లీటరుకు 0.05 మోల్. స్ఫటికాలు 1.575 గ్రాములు తూచి 250 మి.లీ. ఫ్లాస్కులో కలిపి ఉంటారు. సోడియం హైడ్రాక్సైడ్ సరిగ్గా 0.1 మోలార్ అనుకుందాం. ఆక్సాలిక్ ఆమ్లం ఒక్కో అణువుకు రెండు హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది కాబట్టి పది మి.లీ. ఆమ్లానికి పది మి.లీ. క్షారం కావాలి. బ్యూరెట్ బొట్టు ఒకటి సుమారు 0.05 మి.లీ.

లెక్క తీరడానికి ఒక్క బొట్టు ముందు ఫ్లాస్కులో పీహెచ్ 6.3 దగ్గర ఉంటుంది. ఆ బొట్టు పడగానే సరిగ్గా లెక్క తీరుతుంది, పీహెచ్ 8.3 అవుతుంది. ఇంకో బొట్టు జారిందా, 10.4. అంతసేపూ మెల్లగా నడిచిన పీహెచ్ రెండంటే రెండు బొట్లలో నాలుగు మెట్లు ఎక్కేస్తుంది. ఆమ్లం పూర్తిగా తీరిపోయిన చోటు 7 కాదు, 8.3. ఎందుకంటే అక్కడ మిగిలేది వట్టి ఉప్పునీళ్ళు కాదు. సోడియం ఆక్సలేట్ ఉంటుంది. ఆక్సాలిక్ బలహీన ఆమ్లం కనుక దాని ఆక్సలేట్ అయాను నీటి నుంచి కొద్దిగా హైడ్రోజన్ అయాన్‌ను తిరిగి లాక్కుంటుంది, ద్రావణం కాస్త క్షారం వైపు ఒరుగుతుంది. హైడ్రోక్లోరిక్ లాంటి బలమైన ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపితేనే లెక్క తీరేచోటు, 7 అనే అంకె ఒక్కచోట పడతాయి.

పోనీ, పట్టుబట్టి 7 దగ్గరే ఆపావనుకో. అప్పుడు నువ్వు ఆపేది సరైన చోటుకు బొట్టులో అయిదో వంతు ముందు. బ్యూరెట్ మీద అది కనిపించనే కనిపించదు. ఫినాఫ్తలీన్ 8.2 దగ్గర గులాబీ పట్టడం మొదలవుతుంది. అందుకే ఈ జోడీకి అది కుదురుతుంది. దాని బదులు మిథైల్ ఆరెంజ్ వేశావా, అది 3.1కీ 4.4కీ మధ్య రంగు మారుతుంది. నీ ఫ్లాస్కులో అయిదు మి.లీ. దాటగానే మారడం మొదలుపెట్టి ఎనిమిది దగ్గరికి వచ్చేదాకా ఊగిసలాడుతూనే ఉంటుంది. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు, ఎక్కడ ఆపినా తప్పే.

పీహెచ్ అనే కొలతను సోరెన్‌సెన్ పెట్టింది 1909లో. ఫ్రాన్సులో గే-లుసాక్ బ్యూరెట్, పిపెట్ అనే పేర్లు వాడకంలోకి తెచ్చింది 1824లో. మధ్యలో 1871లో బేయర్ ఫినాఫ్తలీన్ తయారుచేశాడు. అంటే దాదాపు ఎనభై అయిదేళ్ళు ప్రపంచమంతా పీహెచ్ అన్న మాట లేకుండానే టైట్రేషన్లు చేసింది, సరైన జవాబులే తెచ్చుకుంది. వాళ్ళు అడిగింది ఒక్కటే: ఎంత ఉంది? ఎంత పుల్లగా ఉంది అని కాదు. ఈ రెండు ప్రశ్నలూ వేరని గట్టిగా పట్టుకో. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1. అదే గాఢతలో ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ 2.9. అయినా రెండూ పదేసి మి.లీ. తీసుకుంటే రెండూ ఒకే కొలత సోడియం హైడ్రాక్సైడ్ తాగుతాయి.

చేతి పని సంగతి. తొమ్మిది మి.లీ. దాకా ధారగా వదిలినా ఫరవాలేదు. బొట్టు పడ్డచోట గులాబీ మచ్చ వచ్చి ఫ్లాస్కు తిప్పగానే పోతుంటుంది. ఆ మచ్చ పోవడానికి ఆలస్యం అవుతున్నదంటే దగ్గరపడ్డావన్నమాట. అక్కడి నుంచి బొట్టు బొట్టుకూ తిప్పాలి. బొట్టు సగం వేలాడగానే ఫ్లాస్కు అంచుకు తాకించి డిస్టిల్డ్ వాటర్‌తో లోపలికి దించడం అలవాటు చేసుకో. కింద తెల్లటి పలక పెట్టుకో. తెల్ల కాగితమైనా చాలు. కనీ కనిపించని లేత గులాబీ అర నిమిషం నిలిచిందంటే అదే. ముదురు గులాబీ చూడటానికి బాగుంటుంది, కానీ అది దాటిపోయిన గుర్తు. కాసేపటికి లేత రంగు దానంతటదే పోతే కంగారుపడి ఇంకో బొట్టు వేయకు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి రంగు పోతుంది, నీ తప్పేమీ లేదు.

ఆ కార్బన్ డయాక్సైడే సోడియం హైడ్రాక్సైడ్‌ను తూకానికి పనికిరాకుండా చేసేది. దానికి తోడు గాలిలో తేమ. వానాకాలంలో మా ల్యాబులో ఆ తెల్ల బిళ్ళలు కాగితం మీద పెట్టి త్రాసు దాకా వెళ్ళేలోపే చెమర్చి అంటుకుపోయేవి. తూచింది క్షారమో నీళ్ళో తెలిసేది కాదు. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు నిలకడ ఉన్నవి, తూచింది తూచినట్టే ఉంటాయి. అందుకే దాన్ని కొలబద్దగా పెట్టుకుని దీన్ని కొలుస్తాం.

బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ లేకుండా చూసుకో. పైన గరాటు తీసేశాకే రీడింగు తీసుకో. పిపెట్ నోటితో పీల్చకు. ఆక్సాలిక్ ఆమ్లం విషం. రబ్బరు బల్బు అడుగు. ఇవ్వకపోతే మళ్ళీ అడుగు. ఈ విషయంలో సిగ్గుపడకు.

మీ పక్క అమ్మాయి గురించి. ఆ మార్కులు చూసి నువ్వు బాధపడటం నాకు అర్థమైంది. కానీ తల్లీ, నీ మూడు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు రాశావు కాబట్టే ఇక్కడ కూర్చుని నీ ఫ్లాస్కులో ఏం జరిగిందో నేను చెప్పగలిగాను. 9.8, 9.8, 9.8 అని రాసి ఉంటే నాకేం తెలిసేది, నీకేం తెలిసేది? ఒకదానికొకటి 0.1 మి.లీ. తేడాలో రెండు రీడింగులు వచ్చేదాకా చెయ్యి, అయిదుసార్లయినా సరే. కలవని వాటిని కొట్టేయకు, పక్కన కారణం రాయి. వచ్చే ప్రాక్టికల్ అయ్యాక నీ అంకెలు నాకు పంపు.

ప్రశ్న: రాయగడ నుంచి ఒక గృహిణి. బాత్రూమ్ కడిగే యాసిడ్ చేతి మీద పడితే పక్కింటావిడ సున్నం రాసింది, ఆమ్లానికి క్షారం విరుగుడు అంది. మంట ఇంకా ఎక్కువైంది. సైన్స్ ప్రకారం తగ్గాలి కదా?

జవాబు: వద్దమ్మా, ఇంకెప్పుడూ అలా చేయకండి. ఆమ్లం, క్షారం కలిస్తే వేడి పుడుతుంది. మోల్‌కు సుమారు 57 కిలోజౌల్స్. మూడు మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అంతే కొలత, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే వేడి ఇరవై డిగ్రీల దాకా పెరుగుతుంది. అది గాజుపాత్రలో. మీ చర్మం మీద ఎందుకు జరగనివ్వాలి? పైగా సున్నం ఎంత రాయాలో కొలిచేవారెవరు? ఎక్కువైతే సున్నమే కాలుస్తుంది. కుళాయి తిప్పి చేతిని ధార కింద పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి. తడిసిన బట్ట, గాజులు, ఉంగరం తీసేయండి. బొబ్బ లేచినా, కంట్లో పడినా కడుగుతూనే డాక్టరు దగ్గరికి బయలుదేరండి. ఇంకో మాట, అడగకపోయినా చెప్తున్నాను. ఆ యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకేసారి ఎప్పుడూ వేయకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రశ్న: బరంపురం నుంచి ఒక అత్తగారు. మనవరాలి పుట్టినరోజుకు పసుపు, సున్నంతో ఎర్రనీళ్ళు కలిపి పెట్టాను. మా కోడలు తెలియక అందులో నిమ్మకాయ పిండింది. నీళ్ళు పసుపుపచ్చగా అయిపోయాయి. కాసేపటికి మళ్ళీ ఎర్రబడ్డాయి. మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. ఏమైనా దోషమా?

జవాబు: దోషమేమీ లేదండీ, మీ కోడల్ని ఏమీ అనకండి. మీ పళ్ళెంలో టైట్రేషన్ జరిగింది. పసుపులోని కుర్కుమిన్ ఆమ్లంలో పసుపుపచ్చగా, క్షారంలో ఎర్రగా ఉంటుంది. సున్నం పడగానే ఎరుపు. నిమ్మరసం నీళ్ళలో కరిగి ఉన్న సున్నాన్ని తీర్చేసింది, అందుకే పచ్చ. మరి మళ్ళీ ఎరుపెక్కడిది అంటే, పళ్ళెం అడుగున కరగని సున్నం పేరుకుని ఉంది. సున్నం నీళ్ళలో కరిగేది చాలా తక్కువ, లీటరుకు గ్రామున్నర, మహా అయితే మరికొంచెం. పైన ఉన్నది తీరిపోగానే అడుగున ఉన్నది మళ్ళీ కొంత కరుగుతుంది, రంగు తిరిగొస్తుంది. నాకైతే మొత్తం ఉత్తరాల్లో ఇదే ముచ్చటైన దృశ్యం.

మనవరాలితో కూర్చుని చేసి చూడండి. సున్నం నీళ్ళు ఒక రాత్రి కదపకుండా ఉంచి పైన తేట మాత్రం రెండు టీ చెంచాలు గాజు గ్లాసులోకి తీయండి. చిటికెడు పసుపు వేయండి. వడగట్టిన నిమ్మరసం డ్రాపర్‌తో బొట్టు బొట్టుగా వేస్తూ పాపని లెక్కపెట్టమనండి. పది బొట్ల చుట్టుపక్కల రంగు తిరుగుతుంది. కాయను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఈసారి అడుగున సున్నం లేదు కనుక ఎరుపు తిరిగి రాదు. సున్నం కంట్లో పడకుండా మాత్రం మీరు పక్కనే ఉండండి.

ప్రశ్న: గుణుపురం దగ్గర నుంచి ఒక రైతు. మా మెట్ట పొలం మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ 5.4 అని వచ్చింది. సున్నం వేయమన్నారు. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, పీహెచ్ నుంచి లెక్క కట్టి ఎకరానికి కొన్ని గ్రాములు చాలంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ అబ్బాయి లెక్క తప్పు కాదండీ, తీసుకున్న వస్తువు తప్పు. ఎకరా నేలలో పైన పదిహేను సెంటీమీటర్ల మట్టిలో ఉండే తడిని లక్షన్నర లీటర్లనుకుంటే, 5.4 పీహెచ్ దగ్గర ఆ నీటిలో తేలుతున్న హైడ్రోజన్ అయాన్లకు ముప్పై గ్రాముల సున్నపురాయి పొడి సరిపోతుంది. బాబు కట్టింది ఆ లెక్క. కానీ ఆమ్లం నీళ్ళలో ఉన్నది కొసరు, అసలు సరుకంతా బంకమట్టి రేణువులకు, సేంద్రియ పదార్థానికి అంటుకుని ఉంది. అల్యూమినియం రూపంలోనూ ఉంది. నీళ్ళలోది తీర్చిన కొద్దీ మట్టి నుంచి ఇంకొంత దిగుతూనే ఉంటుంది, బరంపురం అత్తగారి పళ్ళెంలో సున్నం కరిగినట్టు. అందుకే పొలానికి గ్రాములు కాదు, క్వింటాళ్ళు పడతాయి.

ఎన్ని క్వింటాళ్ళన్నది పీహెచ్ అంకె ఒక్కటే చెప్పలేదు. అదే 5.4 ఉన్నా ఇసుక నేలకు తక్కువ, బంక నేలకు ఎక్కువ. దీనికి వేరే పరీక్ష ఉంది, సున్నం అవసరం ఎంతో తేల్చేది. మట్టిలో తెలిసిన ద్రావణం కలిపి అది ఎంత మారిందో చూస్తారు. కాశీనగర్ అమ్మాయి చేసే పనికి అన్నలాంటిది. మీ కాగితంలో సున్నం మోతాదు లేకపోతే మట్టి పరీక్ష కేంద్రంలో ఆ పరీక్ష పేరు పెట్టి అడగండి. ఒడిశాలో ఆమ్ల నేలలే ఎక్కువ కనుక ఇది వాళ్ళకు కొత్త కాదు. కాగితం మిల్లుల సున్నపు మడ్డిని కూడా ఈ పనికి వాడుతున్నారు. మీకు దగ్గరలో దొరుకుతుందేమో వ్యవసాయాధికారిని అడిగి, వారు సరేనంటేనే వేయండి. విత్తడానికి మూడు నాలుగు వారాల ముందు చల్లి దున్నాలి. యూరియాతో కలిపి మాత్రం చల్లకండి, నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.